కుడికాలి బలం

ఇంటి నుంచి,
ఆదివారం

మావయ్యా,

ఈ పార్సిల్ విప్పగానే నీకు ఒళ్ళు మండుతుందని తెలుసు. ముందు ఉత్తరం చదువు, ఆ తర్వాతే బ్రేకు ప్యాడ్లు చూడు. ఫోన్ చేద్దామంటే నీ చెవులు ఆ మెకానిక్ షాపులో సుత్తిదెబ్బలకే అంకితమైపోయాయి. నేనిక్కడ అరుస్తుంటే పక్కింటివాళ్ళు ఏదో గొడవనుకుని కిటికీలు తీసి చూస్తున్నారు. అందుకని ఇక నుంచి ప్యాడ్ల డబ్బాలోనే ఉత్తరం.

విషయం ఏంటంటే, ఈ బ్రేకులతో నాకు తల ప్రాణం తోకకొచ్చింది. నెలకో ఆదివారం రేసు ట్రాక్ మీద కారు నడుపుతానని నీకు తెలుసు. అమ్మకీ తెలుసు, తెలియనట్టు ఉంటుంది. మిగతా రోజులన్నీ కారు అమ్మదే. తెల్లారేసరికి ఐస్ పెట్టె వెనకసీట్లో పెట్టుకుని, ఇంటింటికీ వెళ్ళి రక్తం శాంపిళ్ళు తీసుకుని, ల్యాబులో అప్పజెప్పి వస్తుంది. ఉన్నది ఒక్క కారు, దానికి రెండు ఉద్యోగాలు.

మామూలు ప్యాడ్లతో ట్రాక్ ఎక్కితే కాసేపటికే కాలిన వాసన, పొగ. సరే అని డబ్బా మీద రెండింటికీ పనికొస్తాయని రాసినవి కొన్నాను. రెండింటికీ పనికిరాలేదు. ఇప్పుడు పంపినవి అవే. అంచులెలా పెచ్చులూడిపోయాయో చూడు. వచ్చే సీజన్‌లో నన్ను టైం కొలిచే పోటీ క్లాసులోకి తీసుకుంటామని ట్రాక్ క్లబ్బువాళ్ళు అంటున్నారు. బ్రేకు మీద నమ్మకం లేకుండా ఆ క్లాసులో నేనేం చెయ్యను? వీధికీ ట్రాక్‌కీ సరిపోయే ప్యాడ్ అంటూ ఈ భూమ్మీద ఒకటుందా లేదా, అది చెప్పు చాలు.

రోజంతా పళ్ళ ల్యాబులో కూర్చుని ముక్కూమొహం తెలియనివాళ్ళ కట్టుడుపళ్ళు అరగదీస్తుంటాను. ఆ ఒక్క ఆదివారమే నాది. అది కూడా బ్రేకుల పాలైపోతోంది.

అమ్మ బాగానే ఉంది. నిన్ను నాలుగు తిట్టమంది. ఎందుకో చెప్పలేదు.

పిడుగు


షాపు నుంచి,
బుధవారం

పిడుగా,

చూశాను. ప్యాడ్లా అవి, పొయ్యిలోంచి తీసిన బొగ్గులు.

నా షాపు మెట్లెక్కిన ప్రతివాడూ అడిగే మాటే నువ్వూ అడిగావు. రెండింటికీ ఒకటే కావాలి. ఎండకీ చలికీ ఒకే కోటు కుట్టిపెట్టమన్నట్టు. డబ్బా మీద ఎవడో ఏదో రాస్తే నమ్మి కొనేస్తావా? నన్నొక మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?

ఇప్పుడు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్తున్నాను, వినవే పిల్లా. వీధి ప్యాడు చల్లగా ఉన్నప్పుడే చక్కగా పట్టుకుంటుంది. మరీ వేడెక్కిస్తే చేతులెత్తేస్తుంది. ట్రాక్ ప్యాడు దానికి తిరగేసిన బాపతు. ఒళ్ళు కాలేదాకా అది నిద్రే లేవదు. మీ అమ్మ పొద్దున్నే బయల్దేరి, రెండు సందులు పోయి ఆపి, సూది గుచ్చి, మళ్ళీ నాలుగిళ్ళ అవతల ఆపుతుంది. ఆ బ్రేకు వేడెక్కేదెప్పుడు? చల్లటి ట్రాక్ ప్యాడ్‌తో పెడల్ గట్టిగానే తగులుతుంది, కారు మాత్రం దాని దారిన అది పోతుంది.

అందుకని నా షరతు ఇది. అసలు సిసలు ట్రాక్ ప్యాడ్లు పంపుతున్నాను. శనివారం సాయంత్రం వెయ్యి. ఆదివారం ఇంటికి రాగానే తీసి, వీధివి మళ్ళీ వెయ్యి. ముందు రెండు చక్రాలే కదా, గంట పని. బోల్టు మొరాయిస్తే పానా మీద కాలేసి తొక్కు, చేతులు విరగ్గొట్టుకోకు. వాడినవి సగం అరిగాక నాకు పంపు. ప్యాడు మొహం చూస్తే అది ఎక్కడెక్కడ తిరిగిందో నాకు తెలుస్తుంది.

ఇంకో మాట. మీ నాన్న పోయిన ఏడాది మీ అమ్మ స్టీరింగ్ పట్టుకోవడానికే భయపడేది. పక్కసీట్లో కూర్చుని నేర్పింది నేను. ఇప్పుడు ఆ ఇంటింటి రౌండు లేకపోతే అక్క అక్కే కాదు. ఈ ప్యాడ్లతో ఆవిణ్ణి సందు చివరిదాకా కూడా పోనివ్వకు.

నీ మావయ్య


ఇంటి నుంచి,
వానలు మొదలయ్యాయి

మావయ్యా,

నీ ప్యాడ్లు అమోఘం. పెద్ద మలుపు దగ్గర అందరూ బ్రేకు మీద కాలు వెయ్యడం మొదలుపెట్టాక కూడా నేను పోతూనే ఉన్నాను. తర్వాత తొక్కితే ఎవరో వెనకనుంచి చొక్కా పట్టుకుని లాగినట్టు ఆగింది. క్లబ్బు పెద్దాయన వచ్చి ప్యాడ్లు ఎవరివని అడిగాడు. మా మావయ్యవని చెప్పాను. ఉబ్బిపోకు.

నీ షరతు ప్రకారమే నడుస్తోంది. శనివారం వేస్తున్నాను, ఆదివారం తీస్తున్నాను. కానీ అదేం పని మావయ్యా. ఆ బోల్టులు ఎవరో పగబట్టి బిగించినట్టున్నాయి. వేళ్ళ కణుపులన్నీ చెక్కుకుపోయాయి. సోమవారం ల్యాబులో చేతులు చూసి మా సూపర్‌వైజరమ్మ, ఎవరి పళ్ళు పీకావని అడిగింది.

అమ్మకి కుడి మోకాలు పట్టేసిందట. వానలకే అయ్యుంటుంది. రాత్రి అన్నం తిన్నాక గోడకి పాదం ఆనించి నెడుతూ కూర్చుంటోంది. ఇదేం వ్యాయామం అని నవ్వితే కసురుకుంది.

సగం అరిగిన ప్యాడ్లు ఇందులోనే పెట్టాను. కొత్త జత తొందరగా పంపు.

పిడుగు


షాపు నుంచి,
శుక్రవారం

నీ షరతు ప్రకారమే నడుస్తోంది అని రాశావు. ఆ వాక్యం మళ్ళీ మళ్ళీ చదివాను. ఆ తర్వాత ప్యాడ్లు తీసి వెలుతురులో పెట్టాను.

ఆదివారాలు మాత్రమే తిరిగిన ప్యాడ్ మొహం గరుకుగా, ఒకే రంగులో ఉండాలి. ఇది నున్నగా, అద్దంలా మెరుస్తోంది. చల్లగా ఉన్నప్పుడు మెల్లగా, మళ్ళీ మళ్ళీ తొక్కితే వచ్చే మెరుపది. అంచున తుప్పు గీతలు. రాత్రంతా వానలో తడిసిన చక్రం లోపలి బ్రేకు డిస్కుని పొద్దున్నే గీకితే పడే గీతలవి. ట్రాక్ మీద తెల్లవారుజామున రక్తం శాంపిళ్ళు తీస్తున్నావా?

నా కళ్ళలో దుమ్ము కొట్టాలనుకుంటే ప్యాడ్లు పంపకుండా ఉండాల్సింది. నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను కదా. మీ అమ్మ ఆ బ్రేకుల మీద ఎన్నాళ్ళ నుంచి తిరుగుతోంది? ఏదన్నా అయితే నేను ఏ మొహం పెట్టుకుని రావాలి అక్కడికి? కొత్త జత లేదు. ముందు దీనికి జవాబు చెప్పు.

మావయ్య


పళ్ళ ల్యాబు నుంచి,
మధ్యాహ్నం విరామంలో

మావయ్యా,

తిట్టు, పడతాను. మొదట్లో రెండుసార్లు బుద్ధిగానే మార్చాను, నిజం. తర్వాత ఒక ఆదివారం తిరిగొచ్చేసరికి ఒంట్లో ఓపిక లేదు, ఆపైన వాన. పొద్దున మారుద్దాం అనుకుని పడుకున్నాను. లేచేసరికి అమ్మ వెళ్ళిపోయింది. సాయంత్రం ఏమీ అనలేదు. మర్నాడూ ఏమీ అనలేదు. ఇంత చిన్నదానికి మావయ్య గోల చేస్తున్నాడులే అనిపించింది. అమ్మ నడిపేది ఎంత వేగం? వెనక సైకిళ్ళు బెల్లు కొడతాయి. చక్రాలు కాస్త కీచుమంటున్నాయంది, అంతే.

నీకేం, షాపులో లిఫ్టు మీద కారు ఎక్కించి మారుస్తావు. నేను ఇంటిముందు రోడ్డు మీద, జాకీ కింద చెక్కముక్క పెట్టుకుని, గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని మార్చాలి. ఎప్పుడైనా ఆలోచించావా? షరతులు పెట్టడం తేలిక.

సరే, మాట ఇస్తున్నాను. ఇక మారుస్తాను. కొత్త జత పంపు. సీజన్ మొదలవబోతోంది.

అమ్మ కాలు ఏమీ బాగాలేదు. డాక్టరు మాత్రలు రాశాడు. ఎత్తుమీది వీధుల్లో ఉన్న ఇళ్ళన్నీ వేరే అమ్మాయికి ఇచ్చేసింది. పూర్తిగా రౌండు మానేసి ల్యాబులో కౌంటరు దగ్గర కూర్చోమంటున్నారట, సరే అనేట్టుంది. నాకూ అదే మంచిదనిపిస్తోంది. ఈ వయసులో తెల్లారకముందే ఆ పరుగులెందుకు?

పిడుగు


షాపు నుంచి,
సోమవారం

పిడుగా,

బాగా వెతికితే ఒక రకం దొరికింది. కొత్తగా వచ్చింది. చల్లగా ఉన్నా పడుతుందట, ట్రాక్ మీదా పడుతుందట. రంగు చూస్తే నీకు తెలుస్తుంది, పాత ట్రాక్‌వాటి లాంటిదే. ఇక మార్చే పని లేదు. ఒకసారి వేసి వదిలెయ్యి.

అక్క కాలికి నేను వాడే నొప్పుల మందు సీసా కూడా పెట్టాను. నా మోకాలూ అంతే, మెట్లెక్కితే పటపటమంటుంది. మా ఇంటి కాళ్ళే అంత. కౌంటరు సంగతి తొందరపడొద్దని చెప్పు. ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెడితే వారంలో ముసలిదైపోతుంది.

మావయ్య


ఇంటి నుంచి,
ఆకాశం తెరిపిచ్చింది

మా బంగారు మావయ్యకి,

చూశావా, ఉందా లేదా అలాంటి ప్యాడ్? కోటు, చలి, ఎండ అని ఉపన్యాసం ఇచ్చావు. చివరికి నీ షాపులోనే దొరికింది. కీచుమనడం ఆగింది. మార్చే బాధ వదిలింది. నా వేళ్ళకి చర్మం తిరిగొచ్చింది.

ఇంకో మంచి కబురు. అమ్మ కాలు బాగైపోయింది. నీ మందో, డాక్టరు మాత్రలో, మొత్తానికి ఏదో పనిచేసింది. ప్యాడ్లు వేసిన వారంలోనే మనిషి మారిపోయింది. పొద్దున్నే కూనిరాగం తీస్తూ ఐస్ పెట్టె సర్దుకుంటోంది. కౌంటరు నాకొద్దని చెప్పేసిందట. ఎత్తువీధుల్లో ఇళ్ళు కూడా వెనక్కి అడుగుతానంటోంది. నీ సీసా దిండు పక్కనే పెట్టుకుంటోంది.

ఈ ఆదివారం కాదు, పై ఆదివారం టైం క్లాసు మొదటి రోజు. నా పేరు బోర్డు మీద రాశారు. పెద్ద మలుపు దగ్గర ఈసారి ఇంకా ఆలస్యంగా తొక్కుతాను.

పిడుగు


షాపు నుంచి,
మంగళవారం

పిడుగా,

అక్క సంగతి విని ప్రాణం లేచొచ్చింది.

ఆదివారం సంగతి. ఆ ప్యాడ్లు కొత్తవి కదా, కాస్త జాగ్రత్త. మొదట్లో నిదానంగా పో. మలుపులకి ముందుగానే బ్రేకు వెయ్యి. కుదిరితే ఈసారికి మానుకుని వచ్చే నెల పోటీకి దిగు, కొంప మునిగేదేం లేదు. వాన కూడా పడేట్టుంది.

మావయ్య


ఇంటి నుంచి

మావయ్యా,

అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. కుడిచేతి మణికట్టుకి కట్టు కట్టారు, ఎడంచేత్తో రాస్తున్నాను. ల్యాబుకి వెళ్ళట్లేదు. ఇంకెక్కడా దెబ్బల్లేవు. కారు ముందు మొహం లేదు.

వాన పడలేదు. నువ్వు చెప్పినట్టే మొదట నిదానంగానే పోయాను. తర్వాత వేగం అందుకున్నాను. పెద్ద మలుపు దగ్గర బ్రేకు తొక్కాను. పెడల్ గట్టిగానే ఉంది మావయ్యా, రాయిలా ఉంది. కారు ఆగట్లేదు. ఆ క్షణంలో నాకేమనిపించిందో తెలుసా? నా కాల్లో బలం లేదేమో అనిపించింది. బ్రేకు తప్పని తట్టనే లేదు, నా కాలే చాలట్లేదనుకున్నాను. రెండు కాళ్ళూ పెట్టి తొక్కాను. టైర్ల గోడలోకి వెళ్ళి ఆగాను.

నా పేరు బోర్డు మీంచి తుడిచేశారు. బ్రేకులు చూసుకోకుండా వచ్చే మనిషిని ఆ క్లాసులో ఉంచరట. మా మావయ్యే చూస్తాడండీ అని చెప్దామనుకుని ఆగిపోయాను.

ఇంటికొచ్చాక పక్కింటాయన చేత ప్యాడ్లు తీయించాను. అంచులు పొడిపొడిగా రాలిపోయాయి. మొదటిసారి నీకు పంపిన బొగ్గులు గుర్తున్నాయా, అచ్చం అలాగే. తిప్పి వెనకవైపు చూశాను. వేడికి రంగు పొక్కి లేచిపోయింది. దాని కింద ఇనుము మీద రకం తెలిపే అంకెలుండాల్సిన చోట గుండ్రంగా అరగదీసిన గుర్తు. నేను పళ్ళు అరగదీసి బతికేదాన్ని మావయ్యా. చిన్న రాయి పెట్టి, మెల్లగా, ఓపిగ్గా అరగదీసిన పని అది. ఫ్యాక్టరీలో ఎవరూ అలా చెయ్యరు.

వీధి ప్యాడ్లకి ట్రాక్ రంగు పూసి పంపావు. అవునా కాదా? ఉపన్యాసం వద్దు. ఒక్క మాట చెప్పు.

పిడుగు


షాపు నుంచి,
నీ ఉత్తరం అందిన రోజే

పిడుగా,

అవును.

షట్టరు దించి నా చేత్తోనే చేశాను. నువ్వు మాట ఇచ్చావు గానీ నేను నమ్మలేదు. మళ్ళీ ఒక వాన రోజు ఓపిక లేదంటావు, మళ్ళీ అక్క ఆ చల్లటి బ్రేకులతో పోతుంది. కొత్త జత పంపనంటే నువ్వు వేరేచోట కొంటావు. రెంటికీ మధ్య ఇరుక్కున్నాను. మామూలువి పంపితే, బ్రేకు కాస్త మెత్తబడగానే నువ్వే తగ్గుతావులే అనుకున్నాను. నమ్మినదానివి ఎందుకు తగ్గుతావు? అది నాకు తట్టలేదు. నువ్వు బోర్డు మీద పేరు రాశారని రాసినప్పుడు నాకు ముద్ద దిగలేదు. అప్పుడైనా నిజం రాయాల్సింది. వాన పడేట్టుందని రాశాను. ఇన్నేళ్ళుగా ఊరందరి బ్రేకులూ బాగుచేసి, నా సొంత మేనకోడల్ని గోడకి కొట్టించాను. నువ్వు ఎంత తిట్టినా తక్కువే.

కానీ ఇంకొకటుంది. నీ ఉత్తరంలో ఒకచోట నా కళ్ళు ఆగిపోయాయి. పెడల్ గట్టిగా ఉంది, నా కాల్లో బలం లేదేమో అనిపించింది అని రాశావు.

మీ అమ్మ కాలు ఎప్పుడు పాడైంది? నువ్వు ప్యాడ్లు మార్చడం మానేశాక. ఎప్పుడు బాగైంది? నేను వీధివి పంపిన వారంలో. నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని చూశాను, నువ్వూ చూసుకో. ఏళ్ళుగా ట్రాక్ ఎక్కుతున్న నీకే బ్రేకు తప్పని తట్టలేదు. భయపడుతూ నేర్చుకున్న మనిషి, ఆవిడకి ఏం తడుతుంది? మోకాలని మనకి చెప్పింది. డాక్టరుకి ఏం చెప్పిందో అడుగు.

ఆ కాలికి ఏ జబ్బూ లేదు పిడుగా. నేనేమో దానికి మందు సీసా పంపాను. ప్యాడ్ మొహం చూసి అన్నీ చెప్తానని ఎగిరిన వెధవని, ఇది చూడలేకపోయాను.

ఆవిడకి నేను రాయలేను. నువ్వే చెప్పు.

నీ మావయ్య


ఇంటి నుంచి

మావయ్యా,

నీ మీద కోపం పోలేదు. పోవడానికి టైం పడుతుంది. కానీ అది పక్కన పెట్టాను.

అడిగాను. డాక్టరుకి ఏం చెప్పావమ్మా అంటే, బ్రేకు మీద కాలు బలం చాలట్లేదని చెప్పానంది. ఆయన కాలు నొక్కి చూసి, వయసు కదమ్మా అని మాత్రలు రాశాడట. గోడకి పాదం ఆనించి నెట్టింది అందుకే. నేను నవ్వాను దానికి.

అంతా చెప్పేశాను. ప్యాడ్లు మార్చకపోవడం, నీకు అబద్ధం రాయడం, నువ్వు రంగు పూయడం, అన్నీ. అరిస్తే బాగుండేది. లేచి వెళ్ళి మాత్రలన్నీ చెత్తబుట్టలో పడేసింది. నీ సీసా కూడా. తర్వాత కారు తాళాలు కొక్కెం మీంచి తీసి తన కొంగున ముడేసుకుంది. మూడో రోజు రిపేరు షెడ్డు నుంచి కారు వచ్చింది. దాన్ని చుట్టూ తిరిగి చూసి, పానా ఎక్కడుందని అడిగింది.

తన ఉత్తరం ఇదే డబ్బాలో పెట్టమంది. అంటించి ఇచ్చింది, నేను చదవలేదు.

పిడుగు


ఇంటి నుంచి

తమ్ముడూ,

ఈ డబ్బాల్లో ఉత్తరాలు తిరుగుతున్నాయని నాకు మొదట్నుంచీ తెలుసు. బ్రేకుల గోల, నాకెందుకులే అని ముట్టుకోలేదు. నా గురించని తెలిస్తే చదివేదాన్ని.

మీ ఇద్దరికీ తెలియనిది ఒకటి చెప్తాను. వానల్లో ఒక పొద్దున స్కూలు గేటు దగ్గర పిల్లలు దాటుతున్నారు. బ్రేకు వేశాను. ఆగింది, నేను ఆపాలనుకున్న చోట కాదు. ఒక పాప వీపు మీద సంచి నా కారుకి రాసుకుంది. పాపకి తెలియను కూడా తెలియలేదు, నవ్వుకుంటూ పోయింది. నేను కారు పక్కకి తీసి కూర్చున్నాను. ఐస్ కరిగిపోతోందని తెలుస్తూనే ఉంది, లేవలేకపోయాను. ఇక అయిపోయింది, ఇంటి పట్టున ఉండాల్సిన దాన్ని ఊరి మీద పడి తిరుగుతున్నాను అనుకున్నాను. ఆ రోజే ఎత్తువీధులు వదిలేశాను. అక్కడొక పెద్దాయన ఉన్నాడు, నా చేత తప్ప సూది గుచ్చించుకోడు. ఇప్పుడు ఆ కొత్త అమ్మాయి వెళ్తే తలుపు తియ్యట్లేదట.

మీకు మోకాలని ఎందుకు చెప్పానంటావా? బ్రేకు మీద బలం చాలట్లేదంటే నువ్వు ఆ మర్నాడే దిగి తాళాలు లాక్కుంటావు. నేర్పినవాడివి కదా, ఆ హక్కు నీదే అనుకుంటావు. నేనూ దాచాను, కాదనను. కానీ నా కారు బ్రేకుల గురించి ప్రపంచంలో అందరికీ రాసుకుని, వాటిని తొక్కేదానికి మాత్రం చెప్పకపోవడం ఏం తెలివిరా? పిడుగుదంటే చిన్నవయసు, ఆ ఆదివారం ఎక్కడ పోతుందోనని అబద్ధమాడింది. నువ్వు నా కోసమని దాని ప్రాణం మీదికి తెచ్చావు. నన్ను కాపాడడానికి దాన్ని గోడకి కొట్టమని నేను నిన్ను అడిగానా? నీ మీద నాకు ఎంత కోపంగా ఉందో రాయడానికి ఈ కాయితం చాలదు. అయినా నువ్వు భోజనం మానేశావని మరదలు ఫోన్ చేసింది. ముందు తిను. తిన్నాక చదువు.

రెండు జతలు పంపు. ఒకటి నాది, ఒకటి దానిది. ఏది ఏదో వెనక ఇనుము మీద పెద్దగా కనబడేట్టు చెక్కి పంపు, రంగులొద్దు. శనివారం సాయంత్రం నా కళ్ళముందు అది తనవి వేసుకుంటుంది. ఆదివారం సాయంత్రం నావి నేనే వేసుకుంటాను. దాని ఓపిక మీద, నీ అనుమానం మీద నేను బండి నడపను. క్లబ్బు పెద్దాయనకి కూడా నేనే ఫోన్ చేశాను. చేతికట్టు విప్పాక వచ్చి బ్రేకులు చూపిస్తే, పేరు మళ్ళీ రాసే సంగతి ఆలోచిస్తానన్నాడు.

మార్చడం ఎలాగో నిన్న నేర్చుకున్నాను. దాని చేతికి కట్టు కదా, పక్కన పీట వేసుకుని కూర్చుని చెప్పింది, నేను చేశాను. మొదటి బోల్టు దగ్గరే ఆగిపోయాను. రెండు చేతులతో పట్టుకుని వేలాడినా కదల్లేదు. షెడ్డువాళ్ళు మిషన్‌తో బిగించారట, మనవల్ల కాదు, పక్కింటాయన్ని పిలుస్తానంది. ఉండవే అన్నాను. చెప్పులు విప్పి, కారు మీద చెయ్యి ఆనించి, పానా మీద కాలు పెట్టి నా బరువంతా వేసి తొక్కాను.

కిర్రుమని కదిలింది. మిగతావన్నీ కూడా అలాగే విప్పాను. అన్నీ కుడికాలితోనే.

అక్క